సోడియం సీసా

డెబ్బైల్లో తిరువూరు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. లెక్కల మాస్టారు బదిలీ మీద వెళ్లిపోతే ఆ పీరియడ్లూ నా నెత్తినే పడ్డాయి. పొద్దున్నే ఎ.కొండూరులో బస్సెక్కడం, సాయంత్రం గొంతు పోగొట్టుకుని ఇంటికి చేరడం. పదో తరగతికి పరమాణువుల పాఠం మొదలుపెట్టే నాటికి ఒంట్లో ఓపికన్నది మిగల్లేదు.

మర్నాడు పిల్లలకి సోడియం ముక్క చూపిద్దామని, ప్రయోగశాల బీరువా తుడిచి సీసాలు కడిగిపెట్టమని ఆయమ్మకి చెప్పాను. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. బళ్లో చేరి నెల కాలేదు. బైబిలు చదువుకునేంత తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. సీసాల మీద పేర్లన్నీ ఇంగ్లీషే. ఏది ముట్టుకోకూడదో చూపించి రావాలని నాకు తెలుసు. రెండు గదుల దూరం. వెళ్లలేక స్టాఫ్ రూములో బల్ల మీద తల వాల్చేశాను.

కాసేపటికి పంపు దగ్గర ఢామ్మని పేలింది. పరిగెత్తాను. సోడియానికి తడి తగలకుండా సీసాలో పోసి ఉంచే కిరసనాయిలు మురికిగా ఉందని పారబోసి, నీళ్లు పట్టిందట. సీసా ముక్కలైంది. ఆవిడ ఎడమ చెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. పంపు కొడుతూ చాలాసేపు ఆ చేతిని ధార కింద పట్టి ఉంచాను. ఆవిడ అరవలేదు. పళ్లు బిగబట్టుకుని నిలబడింది.

మర్నాడు హెడ్మాస్టరు గారు ఇద్దర్నీ పిలిచి, ముందు నా వైపు చూసి అడిగారు.

"ఆ సీసాని ఎవరు ముట్టుకోమన్నారు?"

"నేనే ముట్టుకున్నా అయ్యగారూ. టీచరు గారు వద్దనే చెప్పారు," అంది ఆయమ్మ.

నేను అవునన్లేదు, కాదన్లేదు. ఇంకోసారి ఇలా చేస్తే పనిలోంచి తీసేస్తానని ఆయన ఆవిడనే కేకలేశారు.

బయటికొచ్చాక అడిగాను. "అలా ఎందుకు చెప్పావు?"

"మీరేమీ మాట్లాడలేదు గదండీ. భయపడ్డారనుకున్నా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తిరిగి ఏదో ఒకటి అని ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆ వారమంతా బడి వదిలాక సీసాలకి తెలుగులో పేర్లు రాశాను. ఆవిడ మైదా జిగురు రాసి, మంచి చేత్తో అంటించేది. కొత్తగా తెప్పించిన సోడియం సీసా కాగితం దగ్గర ఆగింది.

"నీళ్లంటే అంత కోపమేంటండీ దీనికి?"

"కోపం కాదు. దాని పరమాణువులో బయటి వరసలో ఒకే ఒక్క ఎలక్ట్రాను ఉంటుంది. అది సులువుగా ఊడొస్తుంది. నీళ్లు తగిలితే ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. అప్పుడు పుట్టే వేడికే మంట. క్లోరిన్ అని ఒక విషవాయువుంది, దానికి ఒక ఎలక్ట్రాను తక్కువ. సోడియం ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. రెండూ వ్యతిరేక విద్యుదావేశాలున్న అయాన్లయి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే మనం కూరలో వేసే ఉప్పు."

ఆవిడ ఆ కాగితానికి జిగురు రాస్తూ అడిగింది. "మరి ఉప్పులోనూ ఉంది గదా సోడియం. నీళ్లలో వేస్తే పేలదేం?"

ఇన్నేళ్లలో ఏ క్లాసులోనూ ఎవరూ అడగని ప్రశ్న.

"ఇవ్వాల్సింది ముందే ఇచ్చేసింది. ఇప్పుడది అయాను. నీళ్లలో ఊరికే విడిపోయి తిరుగుతుంది."

పదిహేను రోజులు పట్టింది నాకు, హెడ్మాస్టరు గదిలోకి వెళ్లడానికి. "సార్, ఆ రోజు నేను ఆవిడకి ఏమీ చెప్పలేదు. తప్పు నాది," అన్నాను.

ఆయన రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. "అయిపోయింది కదమ్మా. ఇప్పుడెందుకు?"

వరండాలో ఆయమ్మకి ఆ సంగతి చెప్పాను. "పోన్లెండి," అని, గంట కొట్టడానికి వెళ్లిపోయింది. క్షమించిందో, విసిగిపోయిందో అడిగి తెలుసుకునే శక్తి నాకప్పుడు లేదు.

పై ఏడు బీరువా తాళం ఆవిడ చేతికే ఇచ్చాను. కొత్త సైన్సు మాస్టారు చేరినప్పుడు ఏ సీసా ఎలా పట్టుకోవాలో ఆయనకి ఆవిడే వివరించింది. నేను కుర్చీలోంచి లేవకుండా విన్నాను. ఒక్క మాట కూడా దిద్దాల్సిన పని పడలేదు.