రత్నమ్మత్త ఇచ్చిన మాత్రలు

ఆసుపత్రిలో మందుల డబ్బా మూత తీసినప్పుడల్లా ఒక చేదు వాసన ముక్కుకు తగులుతుంది. తోటి నర్సులు దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం ఆ క్షణంలో ఈ హిందూపురం వార్డు మరుగైపోయి ధర్మవరంలో మా మగ్గాల వీధి, రత్నమ్మత్త గడప కనిపిస్తాయి.

రత్నమ్మత్త మాకు బంధువు కాదు, ఎదురింటావిడ. పట్టుచీరలు నేసేది. పిల్లలు లేరు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా మొదట వెళ్ళేది ఆమె దగ్గరికే. ఆసుపత్రికి పోతే పూటంతా మగ్గం ఆగిపోతుంది. ఆమె ఇల్లయితే నాలుగడుగులు. డాక్టరు ఒకరికి రాసిన యాంటీబయాటిక్ మాత్రల్లో మిగిలినవి ఆమెకు చేరేవి, అక్కణ్ణుంచి ఇంకొకరికి. నాకు పదేళ్ళప్పుడు గొంతు వాచిపోతే ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక గొట్టం మాత్ర మింగించింది. మూడు రోజులూ గంజి కాచి తెచ్చింది. తగ్గగానే, "ఇంక సాలు పాపా. మిగిలినవి ఇంకెవరికన్నా అయితాయి," అంది. నయం చేసింది మాత్రో గంజో నాకిప్పటికీ తెలియదు. నర్సునవ్వాలని అనుకున్నది మాత్రం ఆ మూడు రోజుల్లోనే.

నర్సింగ్ చదువుతూ సెలవులకు వెళ్ళినప్పుడు, అలా ఇవ్వకూడదని ఆమెకు చెప్పాను. అన్ని జ్వరాలకూ అవి పనిచేయవని, ఇష్టమొచ్చినట్టు వాడితే క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయని వివరించాను. తెగిన పోగు అతుకుతూనే వింది.

"నువ్వు సదువుకున్నేదానివి, నిజమే చెప్తాండావు. కానీ బిడ్డ ఒళ్ళు కాలిపోతాండాదని తల్లి గడపలోకి వస్తే, ఒట్టి చేతుల్తో ఎట్ల పంపేది?"

నేను ఆమె మాత్రల డబ్బాకు మూత పెట్టి లేచి వచ్చేశాను.

నేను హిందూపురంలో నర్సుగా చేరిన కొన్నేళ్ళకు ఆమెకే మూత్రంలో మంట, చలిజ్వరం మొదలయ్యాయి. ఇంట్లో ఉన్న మాత్రలే మింగుతూ పది రోజులు గడిపి, నడుం పట్టుకుని రైలెక్కి నా దగ్గరికి వచ్చింది. పరీక్ష చేస్తే మామూలు మందులేవీ పనిచేయవని తేలింది. రెండు వారాలు సూదిమందులు ఎక్కించారు. ఒక సాయంత్రం, "నేనిచ్చినోళ్ళందరికీ ఇట్లే అయితాదా పాపా?" అని అడిగింది. నొప్పికి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

ఇంటికి వెళ్ళాక మాత్రలివ్వడం మానేసింది. వచ్చినవాళ్ళను మాత్రం ఒట్టిగా పంపలేదు. మగ్గం దిగి, చెంగు దోపుకుని, తనే వాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయేది. వాళ్ళ వంతు వచ్చేదాకా పక్కనే కూర్చునేది. "ముందు మాత్రలిస్తాంటి. ఇప్పుడు నేనే పోతాండా," అని నవ్వేది. నేను చెప్పలేకపోయిన జవాబును తనే కనుక్కుంది.

ఏడాది తిరక్కుండానే జబ్బు తిరగబెట్టింది. వీధివాళ్ళు కారులో నా దగ్గరికి తీసుకొస్తుంటే పెనుకొండ దాటేసరికే మాట పడిపోయింది. ఈసారి సూదిమందులకూ లొంగలేదు. మూడో రోజు పోయింది. ఆ రోజు వార్డులో డ్యూటీ నాదే.

ఇప్పుడు మా వీధికి వెళ్తే, మగ్గం చప్పుడు లేని ఆ ఎదురిల్లు దాటడానికి కాళ్ళు రావు. ఇంత చదువుకున్నదాన్నయినా, ఒంట్లో బాగాలేనప్పుడు ఆమె అరచెయ్యి నుదుటిమీద ఉంటే బాగుండుననిపిస్తుంది.

పోయిన వారం ఎర్రమంచి నుంచి ఒక తల్లి బిడ్డను ఎత్తుకొచ్చింది. పక్కింటామె ఇచ్చిన మాత్రలు వేశానని, తిడతానేమోనని తలదించుకుని చెప్పింది. నేను తిట్టలేదు.

"ఆయమ్మ మంచిదే అయ్యుంటాది. ఈసారి మాత్రలొద్దు, ఆయమ్మనే తోడు పిల్చుకోని రా," అన్నాను.