పేరుకు పది అక్షరాలు

తొంభైల చివర్లో, మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన పుణ్యానికి, నేను సంతోష్‌నగర్‌లో మా వీధికి మహాపండితుణ్ణైపోయాను. టీవీ పాడైనా నన్నే పిలిచేవారు. అలాంటి పండితుణ్ణి వెతుక్కుంటూ పాతబస్తీలో షేర్వానీలు కుట్టే దుకాణం యజమాని వచ్చాడు. ఆయన ఖాతాదారుల కొలతలన్నీ పాత రిజిస్టర్లలో ఉన్నాయి. ఈమధ్య చెదపురుగులు వాటిని ఎంతో శ్రద్ధగా చదువుతున్నాయట.

"కొలతలన్నీ కంప్యూటర్ల ఎక్కియ్యాలె సార్. గా సాఫ్ట్‌వేర్ ఏది కొనాల్నో మీరే చెప్పున్రి" అన్నాడు.

ఇద్దరు అమ్మకందార్లను పిలిపించాను. మొదటివాడు టై కట్టుకొచ్చాడు. అతని డేటాబేస్‌లో పది లక్షల మంది వివరాలు పడతాయి, ఒకేసారి యాభై మంది పనిచేసుకోవచ్చు. దుకాణంలో ఉన్నది ఇద్దరు మాస్టర్లు. ధర వినగానే యజమాని, "గన్ని పైసలల్ల ఇంకో దుకాణమే పెడ్త కదా భాయ్!" అన్నాడు. రెండో అతనికి టై లేదు, ధర అందులో ఐదో వంతు.

నేను ఊరుకుంటానా? కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ఖర్చు, మరోవైపు సౌకర్యాలు రాసి, చాలాసేపు గడ్డం నిమురుకుని చౌకదాన్నే ఖాయం చేశాను. అందులో పేరుకు పది ఇంగ్లీషు అక్షరాలే పడతాయని ఆ అమ్మకందారు దాచలేదు. "పది చాలవా ఏమిటండీ? నా పేరుకు ఆరే కదా!" అని అతని తరఫున నేనే వాదించాను.

పాతబస్తీలో ఎంతోమంది మగవాళ్ళ పేర్లు ఒకే మాటతో, ప్రవక్త పేరుతో, మొదలవుతాయన్న సంగతి నా మేధస్సుకు తట్టలేదు. ఎనిమిది అక్షరాలు ఆ మాటకు, ఒకటి ఖాళీకి పోగా అసలు పేరుకు మిగిలేది ఒక్కటి. అంటే ఆ ఒక్క అక్షరం కలిసినవాళ్ళంతా తెరమీద ఒకే పేరుతో కనిపిస్తారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక బక్కపలచటి వరుడికి ఎవరో వస్తాదు కొలతలతో షేర్వానీ తయారైంది.

"ఏంది చాచా ఇది? ఇండ్ల నాతోని ఇంకిద్దరు పడ్తరు!" అని ఆ అబ్బాయి అద్దం ముందు లొల్లి పెట్టాడు. మాస్టర్లిద్దరూ కుట్లు విప్పడానికి కూర్చున్నారు.

యజమాని నన్ను దుకాణానికి పిలిపించాడు. నెమ్మదిగా అడిగాడు. "సార్, గా మహెంగా దాంట్ల, టై కట్టినాయన దాంట్ల, పేరు ఎంత పొడుగు పడ్తుండె?"

"నలభై అక్షరాలండి."

"మరి గది మీ కాగితం మీద రాయకపోతిరి?"

అమ్మకందార్లు గొప్పగా చెప్పినవి రాశానే తప్ప, యజమానికేం కావాలో నేను అడగనే లేదు.

మరుసటేడు ఆయన నన్ను అడగకుండానే ఖరీదైనది కొన్నాడు. చూడ్డానికి వెళ్ళి, అంత డబ్బు ఎలా పెట్టారని అడిగాను.

"గంత ఎందుకు పెడ్త సార్? యాభై మంది మాకెందుకు, ఇద్దరి మందం ఇయ్యమన్న. సగానికి సగం తగ్గించిండు."

నేనేమో ఆ ధరను బస్సు టిక్కెట్టులా మార్చరానిదనుకున్నాను. బేరమాడని గిరాకీని జన్మలో చూసి ఉండని మనిషికి, కొనడమెలాగో నేర్పబోయింది నేను! సిగ్గేసి, ఆయన పోయించిన చాయ్ తాగేసి ఇంటిదారి పట్టాను.