ఏ బకెట్లో వేయాలి

మా వీధిలో మున్సిపాలిటీ వాళ్లు చెత్త బకెట్లు పంచిన సంవత్సరమే నా భర్త చనిపోయాడు. ఆయన పోయింది ఎండాకాలం చివర్లో. బకెట్లు వచ్చేసరికి వానలు పడుతున్నాయి. గద్వాలలో మాది నేతపని ఇల్లు. ఆయనకు చక్కెర జబ్బు ముదిరి మూత్రపిండాలు పాడయ్యాయి. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేను, మా అత్త.

నాకు ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను పట్టుకొని ఏడిస్తే నేనే వాళ్ల వీపు నిమిరాను. దినాలు అయిపోయాక కూడా అంతే. వండేదాన్ని, తినేదాన్ని, ఏం తిన్నానో గుర్తుండేది కాదు. పక్కింటి మగ్గాలకు నూలు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. కొల్లాపూర్ నుంచి మా అన్న వచ్చి, "మా ఇంటికొస్తవా, ఈడనే ఉంటవా?" అని అడిగాడు. తెల్వదన్నాను. నిజంగానే తెలియదు. అత్తతో నీళ్లు వచ్చాయా, ఉప్పు ఉందా అన్నంతవరకే మాటలు.

బకెట్లు తెచ్చినామె మున్సిపాలిటీలో ఊడ్చే మనిషి. ఆకుపచ్చదీ నీలందీ గడప ముందు పెట్టి, నిలబడే చెప్పింది.

"అక్కా, జర ఇను. కుళ్లేదంత పచ్చ దాంట్ల ఎయ్యి. కుళ్లనిది నీలం దాంట్ల. రెండు కలపొద్దు."

"కలిపితే ఏమైతది?" అంది అత్త.

"కలిపితే దేనికి పనికిరాదమ్మా."

నేను స్నానం చేసి వచ్చేసరికి అత్త నీలం బకెట్‌ను కడిగి తుడిచి అందులో జొన్నలు పోసేసింది. "గింత మంచి బకెట్ల చెత్త ఎవరన్న ఏస్తరా?" అంది. నేను జొన్నలు మళ్లీ సంచిలోకి ఒంపి బకెట్ తీసుకుపోయి వాకిట్లో పెట్టాను. ఎందుకంత పట్టు పట్టానో ఇప్పటికీ చెప్పలేను. ఆయన పోయాక నేను ఫలానాది కావాలనుకున్నది అదొక్కటే.

ఆ రోజు నుంచి చెత్త వేరు చేయడం మొదలుపెట్టాను. ఉల్లిపొట్టు, టీ పొడి, మాడిన రొట్టె ముక్క పచ్చ దాంట్లో. నూనె కవర్లు, అగ్గిపెట్టెలు, చినిగిన చెప్పు నీలం దాంట్లో. ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని కుళ్లుతుందా కుళ్లదా అని చూసుకుంటే చాలు. మా అన్న అడిగినదానికి లేని జవాబు దీనికి ఉండేది. పని అయ్యాక చేతులు కడుక్కునేదాన్ని. పొద్దు కొంచెం జరిగేది.

అలా వంటింట్లోదీ వాకిట్లోదీ అయిపోయాక మంచం కిందికి వచ్చాను. అక్కడ ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. ఇంట్లోనే ఇన్సులిన్ తీసుకునేవాడు ఆయన. వాడేసిన సూదులన్నీ ఆ డబ్బాలో వేసి మూత గట్టిగా నొక్కేవాడు. ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని భయం. డబ్బాను అత్తా ముట్టలేదు, నేనూ ముట్టలేదు. బయటికి తీశానే గాని ఏ బకెట్లో వేయాలో తోచలేదు. మర్నాడు ఊడ్చే ఆమె వచ్చినప్పుడు అడిగాను.

"సూదులా?" అని ఆమె వెనక్కి జరిగింది. "దేంట్ల ఎయ్యకు. మేం చేతులతోని ఏరుతం. గుచ్చుకుంటయ్. దవాఖానల ఇచ్చిరా."

ఆయన పోయాక నేను మా వీధి దాటింది అప్పుడే. ఆటోలో డబ్బా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా లోపల సూదులు గలగలమన్నాయి. దవాఖానాలో నర్సమ్మ మూత తీసి చూసి, "పేషెంట్ ఏడి?" అంది.

"లేడు."

"రాలేదా?"

"చనిపోయిండు."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత సూదులన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ డబ్బాలోకి ఒంపింది. "మంచి పని చేసినవ్. అందరు మురికి మోరీల పారేస్తరు," అని ఖాళీ డబ్బా నా చేతికిచ్చింది. వరండాలో, ఇంతకుముందు ఆయనతో కూర్చునే బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. ఏదైనా అనిపిస్తుందేమో అని చూశాను. ఏమీ అనిపించలేదు. లేచి ఆటో ఎక్కాను.

ఇంటికి రాగానే అత్త, "తీస్కున్నరా?" అంది.

"తీస్కున్నరు."

"ఏమన్నరు?"

"మంచి పని చేసినవన్నరు."

అత్త డబ్బా అందుకుంది. పాత డబ్బా ఏది దొరికినా కడిగి దాచే మనిషి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తానే పోయి నీలం బకెట్లో వేసింది. వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె ఏడుపు ఆగేదాకా లేవలేదు, అంతే.

కొన్నాళ్లకు చెత్త ట్రాక్టర్ వచ్చినప్పుడు నేను వాకిట్లోనే ఉన్నాను. ట్రాక్టర్ మీది మనిషి మా రెండు బకెట్లూ ఒకే కుప్పలో గుమ్మరించాడు.

"గట్ల కలిపేస్తున్నవేంది?" అన్నాను.

"ట్రాక్టర్ ఒక్కటే ఉందక్కా. ఊరవతల అంత ఒక్క కాడనే పోస్తం."

ఇంకెవరైనా అయితే తిట్టేవాళ్లు. నాకు కోపం కూడా రాలేదు. లోపలికి పోయి గడ్డపార తీసి పెరట్లో తవ్వడం మొదలుపెట్టాను. వానకు నేల మెత్తగా ఉంది. అత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఏం తవ్వుతున్నవే?"

"గుంత."

"దేనికి?"

"పచ్చ బకెట్ల చెత్తకు."

అత్త పార తెచ్చి మట్టి ఎత్తిపోసింది. మోకాలి లోతు తవ్వాం. తడి చెత్త వేసినప్పుడల్లా పైన మట్టీ ఎండుటాకులూ చల్లేదాన్ని. మొదట్లో పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆకులు ఎక్కువ వేస్తే తగ్గింది. సీసాలు, రేకులు, కాగితాలు పాత సామాన్లు కొనే బండివాడికి ఇచ్చేవాళ్లం. ప్లాస్టిక్ కవర్లు అతను తీసుకునేవాడు కాదు. అవి మాత్రం ట్రాక్టర్‌లోకే పోయేవి.

మళ్లీ వానాకాలం వచ్చే ముందు గుంత తిరగేశాను. అడుగున నల్లగా, పొడిపొడిగా ఉంది. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి మట్టి వాసన. సంతోషమేసిందని అబద్ధం చెప్పను. రెండో పిడికెడు కూడా తీసి చూశాను.

ఆ వారంలోనే ఎదురింటామె పెరట్లోకి వచ్చి, "మీ ఇంట్ల ఈగలు లేవేంది?" అంది. ఏం వేయాలో, ఏం వేయకూడదో, కంపు వస్తే ఏం చేయాలో ఆమెకు చెప్పాను. సూదుల సంగతి కూడా చెప్పాను. ఆమె ఒకటి అడిగితే నేను నాలుగు చెప్పాను. ఆమె వెళ్లేసరికి నా గొంతు బొంగురుపోయింది. అన్నాళ్లూ అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు మరి.

అత్త చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "దినాం ఎంత అడిగినా నాతోని ఒక మాట మాట్లాడవు. గీమెకు గన్ని చెప్పినవ్," అంది. గటగటా తాగేశాను. ఇంకో చెంబు తెమ్మన్నాను.