తైవాన్ పంపు, పదకొండు నియమాలు

ఆ ఉదయం మా పత్తి చేనులో ఉన్నవాళ్లు: బాపు, కాక (బాపు తమ్ముడు), నేను. ఉన్న వస్తువులు: తైవాన్ పంపు ఒకటి (వీపుకు తగిలించుకుని మందు కొట్టే చిన్న ఇంజన్ పంపు, ఎక్కడ తయారైనా మా వైపు దాని పేరు అదే), నీళ్ల డ్రమ్ము, మందు డబ్బాలు రెండు, పెట్రోలు సీసా, ఆయిల్ సీసా, పానాల సంచి. ఇవి కాక రెండెకరాల పత్తి, ఆకుల కింద లెక్కకు అందని పచ్చదోమ, పడమటి నుంచి కమ్ముకొస్తున్న మబ్బు. అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం) ఇంకా రాలేదు. ఇంజినీరింగ్ ముగించి కరీంనగర్ నుంచి ఇంటికి చేరిన ఆ రోజుల్లో నాకు ఏది చూసినా ముందు జాబితాయే కనిపించేది. ఉద్యోగం లేని మనిషికి జాబితా చాలా మర్యాదైన పని. చేతిలో పెన్ను ఉన్నంతసేపు ఖాళీగా ఉన్నావని ఎవరూ అనరు.

పంపు కొన్న వారంలోనే నేను ‘ఇంజన్ వేడెక్కకుండా పాటించవలసిన నియమాలు’ అని ఒక కాగితం తయారు చేశాను. చేతులు తడిసినా చెడకుండా దాన్ని కరీంనగర్ బస్టాండు దగ్గర లామినేషన్ చేయించి, ఎప్పుడూ కళ్ల ముందుండాలని ట్యాంకు కింది అంచుకు తీగతో వేలాడగట్టాను. కాకకు కళ్లజోడు లేనిదే అక్షరం ఆనదు, పైగా పంపు ఆయన వీపు మీద ఉంటుంది. (ఈ రెండు సంగతులూ నాకు చాలా తర్వాత తోచాయి.)

మందు కొట్టడం మొదలుపెట్టిన పన్నెండో నిమిషానికి ఇంజన్ నీరసంగా మూలిగి ఆగిపోయింది. కాసేపు చల్లార్చి మళ్లీ నడిపితే తొమ్మిది నిమిషాలే నడిచింది. కాక పంపు దించి మబ్బు వైపు చూశాడు.

“అన్నా, గిది బాగ గరమైతుంది. హుస్నాబాద్ మెకానిక్ కాడికి తీస్కపోత. వానొచ్చిందంటే మూడు రోజులు చేన్ల కాలు పెట్టరాదు, గా దోమ ఆకు మిగలనియ్యది.”

“ఎందుకురా,” అన్నాడు బాపు, నా వైపు చూడకుండానే. “నా కొడుకు నాలుగేండ్లు ఇంజన్లే సదివిండు. గీ బిందెంత ఇంజన్ జూడలేడా.”

నా చదువు గురించి బాపు నా ముందు మాట్లాడటం అదే మొదటిసారి. ఆ మాట కోసమైనా ఇంజన్ నడవాలి. నేను చేతులు కడుక్కుని (ఎందుకో తెలియదు, ఆపరేషన్‌కు ముందు కడుక్కున్నట్టు), వేలాడుతున్న నియమాల అట్టను మర్యాదగా పైకెత్తి పట్టుకుని ఒక్కొక్కటే చదువుతూ పరీక్షించాను. ప్లగ్గు విప్పాను, మూతి కాఫీపొడి రంగులో ఉంది, అంటే ఆరోగ్యం. సైలెన్సర్లో మసి లేదు. ఎయిర్ ఫిల్టర్ దులిపాను. సిలిండరు రెక్కల మధ్య దుమ్ము లేదు. ఇక మిగిలింది పెట్రోలులో కలిపే ఆయిల్. లీటరుకు నలభై మిల్లీలీటర్లని నేనే కొలిచి పోశాను, అయినా నా కొలత మీద నాకే అనుమానం వచ్చి ఇంకొంచెం పోశాను. ఈసారి కాక తెల్లటి పొగలో నడుస్తూ కనిపించకుండా పోయాడు. దగ్గు మాత్రం వినిపించింది.

“దోమ సస్తదో సావదో గని ఇంజినీర్ సాబ్, నేనైతే సచ్చేటట్టున్న.”

ఏడు నిమిషాలకు ఆగింది. నేను సాలు చివర ఫోన్లో సమయం చూస్తూ నిలబడ్డాను. పొగలోంచి బయటికొచ్చిన కాక, “ఇగ ఒక్కపారి సూస్త. గిప్పుడు ఆగితే పంపు హుస్నాబాద్‌కు, నువ్వు కరీంనగర్‌కు,” అన్నాడు. బాపు గట్టు మీద కూర్చుని, లేని గడ్డి పీకుతున్నాడు.

అప్పుడే అవ్వ సద్ది గంపతో వచ్చింది. ఇరుకు సాలు కావడంతో, మళ్లీ మందు కొడుతున్న కాక వెనకాలే నడుస్తూ వచ్చి, సాలు చివర ఆయన ఇంజన్ ఆపాక నా దగ్గర గంప దించి నెమ్మదిగా అడిగింది.

“కొడుకా, గా అట్ట ఏందిరా? ఇంజన్ నడిస్తె పోయి జాలీకి అతుక్కుంటుంది, ఆగితె ఊడొస్తుంది. దానికి ఊపిరాడుతలేదేమో జర సూడు.”

ఇంజన్ స్టార్టు చేయడానికి తాడు గుంజే వైపున్న ఆ జాలీలోంచే (కన్నాల మూతలోంచే) ఫ్యాను గాలిని లాక్కుని సిలిండరును చల్లబరుస్తుంది. ఇంజన్ నడిచినంతసేపూ నా నియమాలు దాని ముక్కు మూస్తున్నాయి. పరీక్షకు ఆపిన ప్రతిసారీ అవి ఊడి వేలాడేవి, నేను వాటిని పైకెత్తి శ్రద్ధగా చదివేవాణ్ణి. తీగ విప్పి, ఆయిల్ సరిగా కలిపిన పెట్రోలు పోశాక ఇంజన్ మళ్లీ ఆగలేదు. మూడు గంటలకల్లా చేను పూర్తయింది, వాన తెల్లారి గాని రాలేదు. కాక అట్టను దూరంగా పట్టుకుని కళ్లు చికిలించి, “మంచిగనే రాసినవ్‌రా, గని నేను సదువకముందే గిది సదివింది,” అని పంపును చూపించాడు. ఆ సాయంత్రం చాయ్ హోటల్లో మాత్రం బాపు అందరికీ చెప్పాడట, “ఖరాబైతే మా పోరడే బాగు చేసిండు” అని. అవ్వ ఆ మాటకు ఇప్పటికీ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నేను జనరేటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. వేడెక్కుతుందంటే ముందు నడిపించి, ఏ కాగితమూ తీయకుండా దాని చుట్టూ ఒకసారి తిరుగుతాను. అట్ట ఇంట్లోనే ఉంది. కరెంటు పోతే అవ్వ దాంతో విసురుకుంటుంది, నేను పక్కన కూర్చుంటే నాకూ గాలి వస్తుంది. మొన్న వెళ్లినప్పుడు తీసుకుని మళ్లీ చదివాను. నియమాలు పదకొండు. జాలీకి ఏదీ అడ్డం పెట్టరాదన్నది ఏడోది.