పేరు తీసేసిన పన్నెండు పాఠాలు

పోయిన నెలలో నా ఫోన్‌లో ఒక కొత్త గ్రూపు ప్రత్యక్షమైంది. ఇరవై ఏళ్ళ కిందట ఇంటర్నెట్‌లో తెలుగు వెబ్ పేజీలు తయారుచేయడం గురించి ఒకరికొకరు ఈమెయిల్ ఉత్తరాలు రాసుకున్న మా గుంపునంతా ఎవరో పుణ్యాత్ముడు వెతికి పట్టుకుని ఒకచోట చేర్చాడు. అప్పట్లో నన్ను ఆ గుంపులోంచి గెంటేశారన్న సంగతి మరిచిపోయి నన్నూ చేర్చాడు. రెండు రోజులు పలకరింపులు, మనవళ్ళ ఫొటోలు, మోకాళ్ళ నొప్పుల ముచ్చట్లు అయ్యాక, మా అందరికీ పెద్దన్నగా చలామణీ అయిన పెద్దమనిషి ఒక పాత పేజీ ఫొటో పెట్టి, ఆ రోజుల్లో మనందరం కలిసి రాసుకున్న పాఠాలు అని కింద రాశాడు. దాని కింద వరసగా దణ్ణాలు పెట్టే చేతుల బొమ్మలు. నేను దణ్ణం పెట్టలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. అది నా మూడో పాఠం, పైన ఆయన పేరు. కలిసి రాసుకున్నామట. యాభై నాలుగేళ్ళ మనిషిని, రోజూ బీపీ మాత్ర వేసుకునేదాన్ని, నాలో ఇంత కోపం ఇంకా మిగిలి ఉందని నాకే తెలియదు.

మాది కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. బీర్కూరు దగ్గర ఇల్లు. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో నేను రోజూ పొద్దున్నే బస్సెక్కి బాన్సువాడ వచ్చి, బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పైనున్న కంప్యూటర్ సెంటర్‌లో టైపింగూ, ఆఫీసు పనులకు కావలసిన కోర్సులూ చెప్పేదాన్ని. సెంటర్ నడిపే ఆయన్ని ఊరంతా అన్న అనే పిలిచేది, నేనూ అంతే. ఆయన భార్య నస్రుల్లాబాద్ బడిలో టీచరు, ఆమె నాకు వదిన. మాకూ కింద దుకాణానికీ ఒకటే టెలిఫోన్ లైను. మోడెం కీచుమని అరిచి, గీపెట్టి, చివరికి కనెక్షన్ దొరికి, ఒక పేజీ సగం దిగేసరికి కింద సేటు ఎవరికో యూరియా వచ్చిందని చెప్పడానికి రిసీవర్ ఎత్తేవాడు, అంతటితో మళ్ళీ మొదటికి. అన్న కిటికీలోంచి వంగి, "సేటూ, జర పది నిమిషాలు ఫోన్ ముట్టకుండ్రి, మా పిల్ల నెట్‌ల ఉన్నది" అని బతిమాలేవాడు. మీలో ఆ కాలం వాళ్ళకి ఆ మోడెం అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉండే ఉంటుంది.

ఆ పది నిమిషాల్లో మా గుంపు ఉత్తరాలన్నీ దింపుకుని, లైను వదిలేసి, అప్పుడు తీరిగ్గా చదువుకునేదాన్ని. హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు, ఎక్కడెక్కడి వాళ్ళో. తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనపడుతున్నాయి ఏం చేయాలని అడిగేవారొకరు, జవాబు పాత ఉత్తరానికి పైన రాయాలా కింద రాయాలా అని పేచీ పెట్టేవారొకరు, ఫలానా బ్రౌజర్ వాడేవాళ్ళతో మాట్లాడనని అలిగేవారింకొకరు. జవాబు పైన రాసినందుకు ఒకాయన్ని మూడు రోజులపాటు ఉతికి ఆరేశారు. సాఫ్ట్‌వేర్ అందరి సొత్తుగా ఉండాలా వద్దా అని మొదలైన వాదన ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నదాకా సాగేది. ఎవరి మొహం ఎవరూ చూసి ఎరగరు. నేను ఉత్తరాల కింద ఇంటిపేరూ పొడి అక్షరాలూ మాత్రమే పెట్టేదాన్ని కనక అందరికీ నేను తమ్ముణ్ణి. ఆడపిల్లనని తెలిస్తే వచ్చిపడే మర్యాదలూ సలహాలూ నాకు అక్కర్లేదని నేనూ సరిదిద్దలేదు.

అంత గొడవపడే గుంపులోనూ ఒక్క ఆచారం మీద మాత్రం పేచీ లేదు. ఎవరేం రాసినా, ఏ ప్రోగ్రాం తయారుచేసినా, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచుకోవచ్చు. మొదట రాసినవాళ్ళ పేరు మాత్రం పైనుంచి తీయకూడదు. మార్పులు చేసినవాళ్ళు తమ పేరు దాని కింద రాసుకోవాలి. జీతం లేని, బిరుదు లేని ఆ పనిలో పేరున్న ఆ ఒక్క వరసే మాకు మిగిలేది.

ఆ ఆచారం మీద నమ్మకంతోనే నేను పన్నెండు పాఠాలు రాశాను. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా సొంతంగా తెలుగులో వెబ్ పేజీ చేసుకునేలా, ఏ మీట నొక్కాలో, ఏ గడిలో ఏం రాయాలో, తెర మీద కనిపించేదాన్ని అడుగడుగునా బొమ్మ తీసి, దాని మీద ఎర్రబాణం గీసి చూపించాను. మౌస్‌తో తిన్నగా బాణం గీయడం ఎంత కష్టమో గీసినవాళ్ళకే తెలుసు. పట్టికల పాఠానికి మా బీర్కూరు బస్సుల వేళలు, జాబితాల పాఠానికి సన్నవడ్లూ దొడ్డువడ్లూ, రంగుల పాఠానికి మా అమ్మ బీరువాలోని చీరలు ఉదాహరణలు. మధ్యాహ్నం నేర్చుకునేవాళ్ళు భోజనానికి వెళ్ళిన గంటలో, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, కుడిచేత్తో తింటూ ఎడంచేత్తో మౌస్ కదుపుతూ ఏడాదిపాటు రాశాను. ఉచితంగా చోటిచ్చే ఒక సైటులో వాటిని పెట్టి గుంపుకి చెప్పాను.

పెద్దన్నకి హైదరాబాదులో పెద్ద ఉద్యోగం, గుంపులో తగవులు తీర్చేదీ ఆయనే. నాకు విడిగా ఉత్తరం రాసి, తమ్ముడూ, పాఠాలు బంగారంలా ఉన్నాయి, నా సైటులో కూడా పెట్టుకుంటాను అన్నాడు. నేను పొంగిపోయి, మన గుంపులో అడగాల్సిన పనే లేదు కదా అని జవాబిచ్చాను. ఆ ఉత్తరాన్ని అచ్చు తీసుకుని వదినకి చూపించి మురిసిపోయానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మరుసటి ఏడు నిజామాబాదులో ఒక కాలేజీలో కంప్యూటర్లు నేర్పే ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. ఎరువుల వాసన మధ్య టైపింగ్ నేర్పుతూనే ముసలిదాన్నైపోతానేమోనని అప్పటికే బెంగ పట్టుకున్న నేను, పన్నెండు పాఠాలూ అచ్చు తీసి, అట్ట వేసి కుట్టించి ఇంటర్వ్యూకి పట్టుకెళ్ళాను. ప్రిన్సిపాల్ నాలుగు పేజీలు తిప్పి, కళ్ళజోడు తీసి, నన్ను జాలిగా చూశాడు. "ఇవి మా దగ్గర ఉన్నయమ్మా. వచ్చే నెల బడి టీచర్లకు ట్రైనింగ్ ఇయ్యనీకి హైదరాబాద్ నుంచి సారు వస్తుండు, గీ పాఠాలు ఆయనవే. నకలు జేసి పేరు మార్చుకుంటే ఎట్లనమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు తర్వాతి మనిషిని పిలిచారు. బాన్సువాడ వచ్చేదాకా ఆ పుస్తకాన్ని బస్సులో ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాను. నా రాత పట్టుకెళ్ళినందుకు నన్నే దొంగని చేశారు.

సెంటర్‌కి రాగానే పెద్దన్న సైటు తెరిచాను. పన్నెండూ ఉన్నాయి, కామా కూడా మారలేదు. పైన నా పేరు ఉండాల్సిన చోట ఆయన పేరు, దాని పక్కన ఆయన డిగ్రీలు. అడుగున చిన్న అక్షరాల్లో, టైపింగ్ సహాయం: బాన్సువాడ మిత్రుడు. నన్ను పూర్తిగా మాయం చేసినా అంత మండిపడేదాన్ని కాదేమో, టైపింగ్ సహాయం అన్న మాట మాత్రం మింగుడుపడలేదు.

గుంపుకి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. మంచి పని జరుగుతున్నప్పుడు పేరు కోసం పాకులాడటం మన సిద్ధాంతానికి విరుద్ధం అన్నాడొకాయన; తన నాలుగు వరసల ప్రోగ్రాంలో తన పేరు రెండోదిగా వచ్చిందని అంతకు ముందు నెలలో వారం రోజులు ఏడ్చింది కూడా ఆయనే. వాతావరణం పాడుచేయొద్దన్నారు మరో ఇద్దరు. పెద్దన్న మాత్రం చాలా పెద్దమనసుతో, తమ్ముడు కాస్త ఆవేశపడ్డాడు, నేనేమీ మనసులో పెట్టుకోను అని రాసి చర్చ ముగించేశాడు. ఆయన పెట్టుకోకపోతే పోనీ, నేను పెట్టుకున్నాను.

నాలుగు రోజులపాటు ఆయన పేజీల్ని వెనకా ముందూ తిప్పి చూశాను, ఏదైనా చిక్కుతుందా అని. చిక్కింది. వెబ్ పేజీలో బొమ్మ నిజానికి ఉండదు. ఫలానా చోట బొమ్మ ఉంది, తెచ్చి చూపించు అని ఒక చిరునామా మాత్రమే ఉంటుంది. పెద్దన్న నా పేజీలు ఎత్తుకుపోయి పేరైతే మార్చాడు గానీ, బొమ్మల చిరునామాలు మార్చలేదు. ఆయన సైటు తెరిచిన ప్రతివారికీ నా ఎర్రబాణాలు నా సైటు నుంచే వెళ్ళి కనిపిస్తున్నాయి. నేను అక్కడ ఏ బొమ్మ పెడితే ఆయన పేజీలో ఆ బొమ్మే కనిపిస్తుంది. ఇతరుల బొమ్మల చిరునామాలు వాడకండి, వాళ్ళు బొమ్మ మారిస్తే మీ పేజీ పాడవుతుందని ఆరో పాఠంలో లావు అక్షరాలతో హెచ్చరించాను కూడా. మహానుభావుడు తను రాసిన పాఠాన్ని తనే చదువుకోలేదు.

ఆ క్షణంలోనే మార్చేయొచ్చు. కానీ మారిస్తే గంటలో సర్దుకుంటాడు, చూసేవాళ్ళు ఉండరు. అందుకని ట్రైనింగ్ రోజు దాకా ఓపిక పట్టాను. నా పెళ్ళి రోజుల్లో కూడా నేను ఆ మూడు వారాలంత హుషారుగా లేను. గుంపులో పెద్దన్న రాసిన ప్రతి ఉత్తరానికీ వినయంగా జవాబిచ్చాను. ఈలోగా నా బొమ్మలన్నిటికీ కొత్త పేర్లతో నకళ్ళు పెట్టి, నా పేజీలు వాటినే పిలిచేలా దిద్దుకున్నాను. పాత పేర్లతో ఉన్న బొమ్మలు ఇక ఆయన ఒక్కడికే. వదినని ఆ ట్రైనింగ్‌కి బడి తరఫున పంపుతున్నారు కనక ఆమెకి చెప్పాను. అన్న భయపడ్డాడు. "పెద్దోళ్ళతోని మనకెందుకే, ఇడిసిపెట్టు" అన్నాడు. వదిన ఆయన వైపు తిరిగి, "నీ సెంటర్ బోర్డు మీద పక్కోడు తన పేరు రాసుకుంటే ఇడిసిపెడ్తవా" అని అడిగింది.

ట్రైనింగ్ నాటి పొద్దున ఫోను ముట్టుకోవద్దని సేటుని నేనే స్వయంగా కిందికి వెళ్ళి బతిమాలాను. పాత పేరున్న ప్రతి బొమ్మ స్థానంలోనూ ఒకే బొమ్మ ఎక్కించాను, తెల్లటి పలక మీద ఎర్రటి అక్షరాలు. ఈ పాఠాలు రాసింది నేను అని మొదలుపెట్టి, నా పూర్తి పేరు, బాన్సువాడలో కంప్యూటర్ టీచరునని, తీసుకోమన్నాను గానీ పేరు తీసేయమనలేదని. ఆ రోజంతా నేర్చుకునేవాళ్ళకి ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

సాయంత్రం వదిన బస్సు దిగి ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా సెంటర్‌కి వచ్చింది. "ఏమని చెప్పాలే. గాయిన మొదటి పాఠం తెరిచిండు, నీ పేరు గోడంత కనవడ్డది. నెట్ ఖరాబున్నది అన్నడు. రెండోది తెరిచిండు, గదే. మూడోది తెరిచిండు, గదే. ఇగ ప్రిన్సిపాల్ సారు లేసి మొత్తం పైకి సదివిండు. వైరస్ అన్నడు గాయిన. వైరస్‌కు బాన్సువాడ ఎట్ల తెలుసు సార్ అని నేనే లేసి అడిగిన" అంది. హాలంతా నవ్విందట, ఆయన చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడట, మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయాడట. ఆ మొహం ఎలా ఉందో వదిన చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

ఆ తర్వాత నాకు ఆ ఉద్యోగం వచ్చిందని రాస్తే బాగుండేది. రాలేదు. ప్రిన్సిపాల్ ఒక కార్డు ముక్క కూడా రాయలేదు. గుంపులో నా మీద విచారణ జరిగింది. పేరు తీసేయడం కంటే నడుస్తున్న పేజీని పాడుచేయడమే పెద్ద నేరమని తేల్చి నన్ను తొలగించారు. పెద్దన్న మిగిలాడు. రెండు వారాల్లో తన బొమ్మలు తనే తీసుకుని పెట్టుకున్నాడు. ఆ బాణాలు నేను చూశాను, వానపాముల్లా ఉన్నాయి, ఇప్పటికీ తలుచుకుంటే సంతోషంగానే ఉంటుంది. నా పేరు మాత్రం పెట్టలేదు సరికదా, టైపింగ్ సహాయం అన్న వరస కూడా తీసేశాడు.

గుచ్చుకునే సంగతి ఒక్కటే. ఆ ట్రైనింగ్‌కి బిచ్కుంద నుంచి బస్సులు మారి వెళ్ళిన ఒక పెద్ద వయసు టీచరమ్మ, ఆ తర్వాతి ఆదివారం మా సెంటర్ మెట్లెక్కి వచ్చింది. "నీ కొట్లాట మంచిదే బిడ్డా, గని నాకైతే ఆ దినం ఒక్క ముక్క రాకపాయె" అంది. ఆమెని కూర్చోబెట్టి, ఆదివారాలన్నీ ఆమెకే ఇచ్చి, పన్నెండు పాఠాలూ నేర్పాను. నేను చెప్పకుండానే ఆమె తన నోటుబుక్కులో ప్రతి పాఠం పైనా ముందు నా పేరు రాసుకుంది.

కొన్నేళ్ళకి ఆ ఉచిత సైటు మూతపడింది, నా పేజీలు దానితోపాటే పోయాయి. ఇవాళ ఎక్కడైనా మిగిలినవి ఉంటే అవి ఆయన పేరుతో ఉన్నవే. పోయిన నెల గ్రూపులో, ఆ పాఠాలు నేను ఒక్కదాన్నే రాశాను అని ఒక వరస రాశాను. అమ్మా, పాత సంగతులు ఇప్పుడెందుకు అన్నాడు పెద్దన్న. ఇప్పుడు పాఠాలు ఎవరికి కావాలండీ, ఫోన్‌లో ఏఐని అడిగితే అదే పేజీ తయారుచేసి ఇస్తుంది అన్నాడు ఇంకెవరో. నిజమేనా అని నేనూ అడిగి చూశాను. చక్కటి తెలుగులో, మర్యాదగా, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పే తీరు ఎక్కడో విన్నట్టే అనిపించింది. నాదేనేమో, ఆ గుంపులో పోట్లాడుకున్న మా అందరిదీ కలిపేమో. ఇదంతా నీకు ఎవరు నేర్పారని అడిగితే, నెట్‌లో ఎందరో రాసిపెట్టినవి చదివి నేర్చుకున్నాను, పేర్లు మాత్రం చెప్పలేనంది. ఆ రోజుల్లో నా రాత ఎత్తుకుపోయినవాడికి ఒక పేరుండేది, పేజీకి ఒక చిరునామా ఉండేది, నలుగురిలో ఎర్రబడడానికి ఒక మొహం ఉండేది. ఇప్పుడు కోపం అంతే ఉంది, బొమ్మ ఎవరి పేజీలో మార్చాలో మాత్రం తెలియడం లేదు.