లైటు చూసుకునే ఫోటో

మిరపకల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుండగా ఫోన్ వచ్చింది. మా ఫోటో స్టూడియో బాబాయ్ కూతురు. "అన్నయ్యా, నాన్న పోయారు. పొద్దున టీ తాగుతూ తాగుతూనే..." అని ఆగింది. తర్వాత మెల్లగా అంది. "చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికకి ఫ్లెక్సీ వేయించాలి. ఇంట్లో నాన్న ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులోది చూపిస్తే అమ్మ, ఈయనెవరో నాకు తెలీదంటోంది. నీ దగ్గరేమైనా ఉందా?"

పిడుగురాళ్ల చుట్టుపక్కల ముప్పై ఏళ్ళు అందరి మొహాలూ తీసిన మనిషికి సొంత మొహం లేకుండా పోయింది. "చూస్తానమ్మా" అన్నాను. నా దగ్గర ఉండాలి. మూడేళ్ళ కిందట నేనే తీశాను. పంపమని ఆయన ఎన్నిసార్లు అడిగినా "రేపు బాబాయ్" అన్నదీ నేనే. ఆ తర్వాత ఫోన్ కూడా మార్చేశాను.

ఆయన మాకు చుట్టం కాదు. ఊరందరికీ బాబాయే కనుక నాకూ బాబాయ్. ఆయన దగ్గర ఫ్యామిలీ ఫోటో బుక్ చేసుకోవడమంటే ఏమిటో, ఆ భాగ్యం కలగని పాఠకుల కోసం సవినయంగా మనవి చేస్తున్నాను. ఏ రోజు కావాలన్నది ఆయన చివర్న అడుగుతారు. మొదటి ప్రశ్న, "ఎంతమంది?" రెండోది, "మీలో ఎవరికెవరికి మాటల్లేవు?" మిరపకాయ కల్లాల మీద ఉన్నన్నాళ్ళూ బుకింగు లేదు. "ఘాటుకి అందరి కళ్ళూ ఎర్రగా ఉంటాయి. ఫోటోలో ఎవరో పోయినట్టు పడతారు, వద్దు" అనేవారు. అందరం మెరూన్ రంగు బట్టలేసుకుంటామని మా అక్క అంటే, "బ్యాండుమేళం ఫోటోలు నేను తియ్యనమ్మా" అన్నారు. పెద్దవాళ్ళని మాత్రం అన్నం తినిపించి తీసుకురమ్మన్నారు. నవ్వమని ఎవరికీ చెప్పేవారు కాదు. "నవ్వమంటే పళ్ళు కనిపిస్తాయిరా. గాలి పీల్చి వదలమంటే మనిషి కనిపిస్తాడు."

మా నాయనమ్మ కోరిక మీద ఒక వానాకాలం వెళ్ళాం. పొలం గట్టు తగాదాతో మా నాన్నకీ పెదనాన్నకీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఆమెకి ఇద్దరు కొడుకులూ ఒక్క ఫోటోలో కావాలి. బాబాయ్ ఊళ్ళోని సున్నపు బట్టీల దుమ్ము పడ్డ లెన్సును తీరిగ్గా తుడుచుకుని, వాళ్ళిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, "ఫ్రేములో పట్టట్లేదండీ, ఇంకాస్త" అంటూ భుజాలు తగిలేదాకా జరిపారు. అన్నదమ్ములు కలిసిపోయారని మీరనుకుంటే నా పూచీ లేదు. వేర్వేరు బండ్ల మీదే ఇంటికెళ్ళారు. కానీ ఫోటోలో భుజాలు తగిలే ఉన్నాయి.

అందరం లేచాక, "మీరుండండి పెద్దమ్మా, లైటు చూసుకోవాలి" అని నాయనమ్మని ఒక్కదాన్నే మళ్ళీ తీశారు.

"ఫోటో అయిపోయాక లైటు చూసుకోవడమేంటి బాబాయ్?" అన్నాను, మహా తెలివిగా.

ఆయన నన్ను పక్కకి లాగారు. "నోర్ముయ్‌రా. రేపు అవసరమొస్తే గుంపులోంచి మనిషిని కత్తిరిస్తారు. ఎవరిదో చెయ్యి ఆ భుజం మీదే ఉండిపోతుంది. అది నేను చూడలేను."

మెల్లగానే అన్నారు. నాయనమ్మ విన్నదో, ఆమెకి ముందే తెలుసో, "బాగా రానియ్ నాయనా, నలుగురూ చూసేది" అంది. కుర్చీలోంచి లేచి, "మరి నీ లైటు ఎవరు చూస్తారు? కూర్చో" అని ఆయన్ని కూర్చోబెట్టింది. నేను ఫోన్ తీశాను.

ఆర్నెల్లకి నాయనమ్మ పోయింది. మేం అడక్కముందే, ఫ్రేము కట్టించిన ఫోటో బాబాయే తెచ్చారు. ఆమె భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. ఆ రోజు కూడా మెట్లు దిగుతూ, "ఏరా, నా ఫోటో?" అన్నారు. "రేపు బాబాయ్" అన్నాను.

అద్దం పగిలిన పాత ఫోన్ బీరువాలో దొరికింది. ఛార్జింగ్ పెట్టి, అది వెలిగేదాకా దాని ముందే కూర్చున్నాను. ఉంది. కాస్త వంకరగా, నోరు సగం తెరిచి, కుడిచెయ్యి పైకెత్తి ఉన్నారు. మూడేళ్ళు పంపనిది మూడు క్షణాల్లో వెళ్ళిపోయింది. "అమ్మ నవ్వింది అన్నయ్యా. ఈయనే మా ఆయన అంది" అని జవాబొచ్చింది.

కూడికలో పాస్టరుగారు ఫ్లెక్సీ చూపించి, "చెయ్యెత్తి మనందరినీ దీవిస్తున్నట్టే ఉన్నారు" అన్నారు. నేను తలొంచుకున్నాను. అది దీవెన కాదు. "ఆగరా, నేనింకా రెడీ కాలేదు" అంటున్నారాయన. నేను ఆగకుండా నొక్కేశాను.

ముందు వరసలో నాన్న, పెదనాన్న కూర్చున్నారు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీతో. వెనకాల కల్లాల నుంచి నేరుగా వచ్చిన జనం. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా బాబాయ్, ఇలాంటప్పుడు ఫోటో వద్దన్నట్టు, ఆ చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని.