ఆర్‌సీ మీది జనవరి

మా అమ్మాయి రోజూ మియాపూర్ నుంచి మాదాపూర్ ఆఫీసుకు నడిపే కారులో ముందు ఎడమ చక్రం కాలిపర్ పట్టేసింది. కాలిపర్ అంటే చక్రంతో తిరిగే ఇనుప పళ్లేన్ని అదిమి ఆపే భాగం. మూసాపేటలో ఏళ్లుగా మా కారు చూస్తున్న మెకానిక్ అదే మోడల్ పాత బండిలోది తెచ్చి బిగించాడు. మూడో రోజు సాయంత్రం అమ్మాయి తాళాలు బల్ల మీద పడేసి కూర్చుంది.

"బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగేస్తోంది నాన్నా. ఇవాళ ఫ్లైఓవర్ దిగుతూ పక్కనున్న బైకుకి జానెడు దూరంలో ఆగాను."

ముప్పై నాలుగేళ్లు కర్మాగారంలో విడిభాగాల తనిఖీ చేసినవాణ్ని. మర్నాడు పొద్దున్నే మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో జాకీ వేసి, ముందు చక్రాలు ఒకదాని తరువాత ఒకటి విప్పి, వెర్నియర్‌తో కొలిచాను. కాలిపర్ లోపలి నుంచి నెట్టే పిస్టన్ కుడివైపుది అడ్డంగా యాభై ఒక మిల్లీమీటర్లు. ఎడమది యాభై నాలుగు. పెడల్ ఒకటే అయినా ఎడమ చక్రం మీద పన్నెండు శాతం అధిక బలం పడుతోందన్నమాట. కారు కదపవద్దని చెప్పి, వెర్నియర్ సంచిలో వేసుకుని మెట్రో ఎక్కాను.

"ఏమయ్యా, కుడికొకటి ఎడమకొకటి వేస్తావా? ఏది దొరికితే అది తొడుక్కోవడానికి అవేమైనా చెప్పులా?" షెడ్డు గేటులోంచే మెకానిక్‌ను అడిగాను.

"జర నిమ్మళంగ సార్, ఏమైంది?"

"పిస్టన్లు కొలిచావా?"

"కొలిచేదేంది సార్? మీ మోడల్‌దే తెచ్చిన. బోల్టులు సక్కగ కూసున్నయ్."

"బోల్టులు కూర్చుంటే నా కూతురు క్షేమంగా ఇంటికొస్తుందా? మూడు మిల్లీమీటర్ల తేడా! మా ఫ్యాక్టరీలో ఇంత తేడాతో ముక్క బయటికెళితే ఆ రోజు ఎవరికీ భోజనం ఉండేది కాదు."

అతను గోడ మేకుకు గుచ్చిన కాగితాల్లోంచి ఒకటి లాగి నా చేతిలో పెట్టాడు.

"ఇగో, మీ రాతే. తారీకు గూడ ఏసిండ్రు. బండి సంవత్సరం మీరే రాసిచ్చిండ్రు కద సార్."

కాలిపర్ తెమ్మన్న రోజున ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, చూసి నేను రాసిచ్చిన సంవత్సరమది. కార్డు తీసి మళ్లీ చదివాను. రిజిస్ట్రేషన్ జనవరి. మరో చోట, నేనెన్నడూ చూడని వరుసలో, తయారైన నెల: అంతకు ముందరి అక్టోబరు. కొత్త ఏటి మోడల్‌కు కంపెనీ బ్రేకులు పెద్దవి చేసింది. మాది పాత ఏటి బండి; నా చీటీలోని సంవత్సరం చూసి అతను తెచ్చింది కొత్త ఏటిది.

మేము కారు కొన్నది డిసెంబరు ఆఖరి వారంలో. షోరూమ్ వాళ్లు వెంటనే రిజిస్టర్ చేస్తామంటే, పది రోజులు ఆగితే కొత్త సంవత్సరం పడుతుందని, అమ్మేటప్పుడు ఒక ఏడు కలిసొస్తుందని ఆపించింది నేనే. ఆ తెలివికి లోలోపల మురిసిపోయాను కూడా. కార్డు చూపించి ఆ సంగతి అతనికి చెప్పాను.

"అందరు గట్లనే చేస్తరు సార్, పరేషాన్ గాకుండ్రి," అన్నాడతను నవ్వుతూ.

"అందరూ చేశారని బ్రేకు ఊరుకుంటుందా?" అని అరిచాను. అతనికి ఆ కేక ఎందుకో అర్థమై ఉండదు. రెండు వైపులా కొలవకపోవడం అతని తప్పే. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాని కొలతలూ తేదీలూ తప్ప ఏదీ నమ్మనని చెప్పుకునే నేను, నా చేత్తో ఒక తేదీని జరిపించి, దాన్నే నమ్మి, కూతురిని ఫ్లైఓవర్ మీదికి పంపాను.

కొత్త చీటీ రాసిచ్చాను: ఎడమ కాలిపర్, పిస్టన్ యాభై ఒక మిల్లీమీటర్లు, కుడిదానితో సరిచూడవలెను.

"సంవత్సరం ఎయ్యలేదేంది సార్?"

"అక్కర్లేదు. కొలిచి తీసుకురా."

మర్నాడు అతనే మా సెల్లార్‌కు వచ్చి, నా ఎదుట కొలిచి బిగించాడు. ఖాళీ సందులో అమ్మాయి స్టీరింగ్‌ను వేళ్లతో మాత్రమే పట్టుకుని బ్రేకు తొక్కింది. కారు తిన్నగా ఆగింది. జరిగినదంతా విని, కార్డు మీది రెండు నెలలూ చదివి, ఆమె నా ముఖంలోకి చూసింది.

"మరి అమ్మేటప్పుడు ఏ సంవత్సరం చెబుతారు నాన్నా?"

"తయారైన సంవత్సరం," అన్నాను. నా గొంతులో కోపం అప్పటికీ తగ్గలేదు.